హార్ట్ రేట్ చూసుకోవడానికి చేతి వాచీనా, ఛాతీ బెల్టా? తక్కువ ఖర్చులో ఏది మేలు?

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే పరిగెత్తేవాళ్లు, ఆదివారం చంద్రగిరి రోడ్డు పట్టే సైకిల్ వాళ్లు ఈమధ్య ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మూడు నాలుగు వేలల్లో హార్ట్ రేట్ కరెక్టుగా చూపించే వాచీ ఏదన్నా ఉంటే చెప్పు నా." జోన్లంటే, అంటే గుండె వేగాన్ని బట్టి వ్యాయామం ఎంత గట్టిగా ఉందో చెప్పే మెట్లంటే ఏమిటో వాళ్లకు తెలుసు. గుండె ఎక్కువలో ఎక్కువ ఎంత కొట్టుకోగలదో చూడటానికి 220 లోంచి వయసు తీసేసే లెక్క కూడా తెలుసు. ఏది కొనాలన్న దగ్గరే ఆగిపోతున్నారు. నేను వెంటనే తిరిగి అడిగేది కూడా ఒకటే: నువ్వు ఎక్కువగా పరిగెత్తుతావా, సైకిల్ తొక్కుతావా? ఎందుకంటే పరుగులో బాగానే పనిచేసే వాచీ సైకిల్ ఎక్కగానే తడబడుతుంది.

మన బడ్జెట్‌కు అందేవి నాలుగు రకాలు. రెండు నుంచి నాలుగు వేల లోపు దొరికే ఫిట్‌నెస్ బ్యాండ్లు, స్మార్ట్ వాచీలు ఒక రకం. పరుగు కోసమే తయారు చేసిన జీపీఎస్ వాచీలు రెండో రకం. గార్మిన్ ఫోర్‌రన్నర్ 55, కోరోస్ పేస్ 3 లాంటివి ఇందులోకి వస్తాయి. వీటికి పదిహేను నుంచి పాతిక వేల మధ్య పెట్టాలి. మూడోది ఛాతీకి కట్టుకునే బెల్టు. మజీన్, కూస్పో బ్రాండ్లవి మూడు వేలకు కాస్త అటూ ఇటూగా వస్తాయి, పోలార్ హెచ్9, హెచ్10 దానికి రెట్టింపు, ఆపైన. నాలుగోది మోచేతికి కింద గానీ పైన గానీ కట్టుకునే ఆర్మ్‌బ్యాండ్. సేల్ వచ్చినప్పుడల్లా ఈ ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజు ఒకసారి చూసుకోండి.

చేతి వాచీ ఎక్కడ నమ్మకంగా పనిచేస్తుందో ముందు చెప్తాను. అలిపిరి మెట్లు. 3,550 మెట్లు ఎక్కుతున్నంతసేపూ చేతులు పెద్దగా ఊగవు, అడుగు నిదానంగా పడుతుంది, ఒళ్లు వెచ్చబడి చర్మం కిందికి రక్తం బాగా వస్తుంది. గాలిగోపురం దాకా అంకె పెరుగుతూ పోయి, ఆ తర్వాత చదునుగా ఉండే దారిలో తగ్గి, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ ఎగబాకడం మూడు వేల రూపాయల బ్యాండ్‌లో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీవారి మెట్టు దారిలోనూ అంతే. మీ వ్యాయామం నడక, మెట్లు, ఇంట్లో కాసేపు ఆసనాలు అయితే మంచి పేరున్న ఏ బ్యాండైనా తీసుకోండి, డబ్బు మిగుల్చుకోండి. మీకు ఈ వ్యాసంలో మిగతాది అక్కర్లేదు.

పరుగు దగ్గర చిక్కు మొదలవుతుంది. వాచీ వెనక ఆకుపచ్చ లైటు చర్మంలోకి పోతుంది. రక్తం ఆ రంగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కొంచెం పెరిగి, తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి వాచీ అంకె చెప్తుంది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ చెయ్యి అదిరి, లోపలి రక్తం, కండ కూడా కదులుతాయి. కదలికను పసిగట్టే సెన్సార్ సాయంతో ఆ అదురును తీసేయాలని వాచీ చూస్తుంది. అయితే చాలామంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు, గట్టిగా పరిగెత్తేటప్పుడు గుండె కూడా దాదాపు అంతే కొట్టుకుంటుంది. రెండూ దగ్గరికి వచ్చినప్పుడు వాచీ గుండెను వదిలి అడుగులను పట్టుకుంటుంది. రన్నర్లు దీన్ని కేడెన్స్ లాక్ అంటారు. పక్కవాడితో హాయిగా కబుర్లు చెప్పుకుంటూ జూపార్కు రోడ్డులో మెల్లగా పరిగెత్తుతుంటే వాచీ 172 చూపిస్తోందంటే, అది దాదాపుగా మీ అడుగుల లెక్కే.

దీన్ని చాలావరకు కట్టుకునే తీరుతోనే సరిచేయొచ్చు. మణికట్టు ఎముక మీద వాచీ ఉండకూడదు. రెండు వేళ్ల వెడల్పు పైకి, మోచేతి వైపు జరిపి, మామూలు రోజు కంటే ఒక రంధ్రం బిగించి కట్టాలి. మన ఊళ్లో చాలామంది చేతికి కంకణమో, గుడిలో కట్టించుకున్న దారమో ఉంటుంది. వాచీ కిందికి ఆ దారం వెళ్తే సెన్సార్ చర్మానికి ఆనదు. దారం తీయడం ఇష్టం లేకపోతే వాచీని రెండో చేతికి పెట్టుకోండి. ముంజేతి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్లకూ ఇదే మాట, ఆ సిరా వెలుగును ఆపేస్తుంది. ఇంకొక సంగతి, మామూలు సమయంలో బ్యాండ్లు కొన్ని నిమిషాలకొకసారే పల్స్ చూస్తాయి. పరుగు మొదలుపెట్టే ముందు వ్యాయామం మోడ్ నొక్కితేనే ఆగకుండా చూస్తాయి. అది నొక్కకుండా పరిగెత్తి, గ్రాఫ్ సరిగ్గా లేదని వాచీని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

"మన రంగుకు ఈ లైటు పనిచేయదంట కదా" అని కొందరు అడుగుతారు. చర్మంలో నలుపునిచ్చే పదార్థం ఆకుపచ్చ వెలుగును పీల్చుకునే మాట నిజమే. అయితే 2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు రకరకాల చర్మపు రంగులున్న వాళ్ల మీద వాచీలను పరీక్షించి, రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా లేదనీ, విశ్రాంతిగా ఉన్నప్పటి కంటే కదులుతున్నప్పుడు తప్పు సగటున 30 శాతం ఎక్కువనీ తేల్చారు. కాబట్టి రంగు గురించి టెన్షన్ వద్దు. కదలిక గురించి ఆలోచించండి.

ఇక సైకిల్. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఇక్కడే.

చెయ్యి ఊగదు కదా, సైకిల్ మీద వాచీ ఇంకా బాగా పనిచేయాలి అనిపిస్తుంది. అలా జరగదు. హ్యాండిల్ మీద ఒంటి బరువు కొంత అరచేతుల్లో పడుతుంది. మణికట్టు వెనక్కి వంగుతుంది. వంగినప్పుడు వాచీ ఒక అంచు చర్మం నుంచి లేచి, ఆ సందులోంచి బయటి వెలుగు లోపలికి వస్తుంది. పట్టు బిగించిన కొద్దీ ముంజేతి నరాలు, కండ గట్టిపడి రక్తపు కదలిక సరిగ్గా అందదు. దీనికి తోడు రోడ్డు అదురు. నున్నటి హైవే మీద పర్వాలేదు గానీ, పల్లె దాటేటప్పుడు స్పీడు బ్రేకర్లు, గులక లేచిన తారు మీద ప్రతి కుదుపూ హ్యాండిల్ నుంచి నేరుగా మణికట్టుకే వస్తుంది. డిసెంబర్ తెల్లవారుజామున చలిగాలికి చేతులు చల్లబడితే చర్మం కిందికి వచ్చే రక్తమే తగ్గిపోతుంది.

చంద్రగిరి దాటి రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కేవాళ్లకు ఇదంతా అనుభవంలోనే ఉంటుంది. ఎక్కుడు మొదలయ్యాక ఊపిరి ఎగబీలుస్తుంటుంది, తొడలు మండుతుంటాయి, చేతి వాచీ మాత్రం 125 దగ్గర కూర్చుని ఉంటుంది. పైన ఆగి నీళ్లు తాగుతూ పట్టు వదిలాక, నిమిషం తర్వాత ఉన్నట్టుండి 160 చూపిస్తుంది. ఇంటికెళ్లి గ్రాఫ్ చూస్తే ఎక్కుడులో తక్కువ, విశ్రాంతిలో ఎక్కువ! సగటు అంకె చూస్తే మాత్రం సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే అటు తప్పు, ఇటు తప్పు కలిసి సరిపోతాయి. అందుకే "నా వాచీ సగటు బెల్టుతో సరిపోయింది" అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోను. హార్ట్ రేట్ చూసుకునేది ఎక్కుడులో తగ్గించుకోవడానికి, ఇంటర్వెల్‌లో (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి చేసే వ్యాయామంలో) సరైన చోట పెంచుకోవడానికి. ఆ క్షణంలో తప్పు చెప్పే అంకె ఎందుకూ పనికిరాదు. పైగా నలభై దాటి కొత్తగా సైకిల్ మొదలుపెట్టినవాళ్లకు అది ఇంకా తొక్కమని చెప్తుంది, తగ్గమని చెప్పాల్సిన చోట.

ఎక్కడ చూస్తాం అన్నది కూడా ముఖ్యమే. చేతి వాచీ అంకె చూడాలంటే మణికట్టు తిప్పాలి, లేదా హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయాలి. ఘాట్ దిగేటప్పుడు, లారీలు పక్కనుంచి పోతున్నప్పుడు ఆ పని చేయకూడదు. అంకె హ్యాండిల్ మీదే, కళ్ల ముందు ఉండాలి.

ఈ రెండు కారణాల వల్ల నేను వాచీలను వాటి సెన్సార్‌ను బట్టి కాక, ఒకే ఒక్క ప్రశ్నతో వేరు చేస్తాను. బయటి హార్ట్ రేట్ బెల్టు పంపే అంకెను ఈ వాచీ తీసుకుంటుందా, లేదా? తీసుకుంటే, వెనక లైటు ఎలాంటిదైనా పర్వాలేదు. రోజూ నడకకు, నిద్రకు ఆ లైటు చాలు, గట్టిగా చేసే రోజు బెల్టు కట్టుకుంటే చాలు. తీసుకోకపోతే, సైకిల్ వరకు ఆ వాచీని మీరు అడుగులు లెక్కపెట్టుకోవడానికే కొంటున్నారు.

షాపులో ఈ ప్రశ్న అడిగితే "బ్లూటూత్ ఉంది సార్" అంటారు. అది ఫోన్‌తో కలవడానికి, కాల్ మాట్లాడటానికి ఉన్న బ్లూటూత్. బెల్టుతో కలవడం వేరు. కంపెనీ వెబ్‌సైట్‌లో మాన్యువల్ తెరిచి, ఎక్స్‌టర్నల్ హార్ట్ రేట్ సెన్సార్ అన్న మాట ఉందేమో వెతకండి. నాలుగు వేల లోపు వాచీల్లో చాలావాటికి ఉండదు. ఫోర్‌రన్నర్ 55 బ్లూటూత్ బెల్టునూ, యాంట్ ప్లస్ (వ్యాయామ పరికరాలు వాడే మరో వైర్‌లెస్ పద్ధతి) బెల్టునూ రెండింటినీ తీసుకుంటుంది. తన అంకెను యాంట్ ప్లస్‌లో సైకిల్ కంప్యూటర్‌కు (హ్యాండిల్ మీద బిగించే చిన్న స్క్రీన్‌కు) పంపగలదు కూడా. పేస్ 3 బ్లూటూత్ బెల్టును మాత్రమే తీసుకుంటుంది. మీ దగ్గర ఇప్పటికే యాంట్ ప్లస్ ఒక్కటే ఉన్న పాత బెల్టు ఉంటే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడొచ్చే మజీన్ హెచ్64, కూస్పో హెచ్6 లాంటి చౌక బెల్టుల్లో కూడా రెండూ ఉంటాయి.

బెల్టు ఎందుకు తప్పదంటే, అది వెలుగుతో చూడదు. గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్ని చర్మం మీద నేరుగా అందుకుంటుంది, ఈసీజీ తీసేటప్పుడు చేసేదీ అదే. అందుకే హ్యాండిల్ ఎంత అదిరినా, చేతులు ఎంత చల్లబడినా దానికి సంబంధం ఉండదు. ఎక్కుడు మొదలవగానే అంకె కదులుతుంది. అసలు వైర్ లేకుండా హార్ట్ రేట్ చూపించే పరికరాన్ని 1980లలో మార్కెట్లోకి తెచ్చిన ఫిన్లాండ్ కంపెనీ పోలార్ చేసింది కూడా ఇదే ఏర్పాటు, ఛాతీకి బెల్టు, దాని అంకె చూపించడానికి చేతికి వాచీ. వాచీ వెనక లైటు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు, సౌకర్యం కోసం.

మూడు వేల బెల్టుకూ, తొమ్మిది వేల హెచ్10కూ తేడా ఉందా? ఉంది. హెచ్10 పట్టీ మెత్తగా ఉంటుంది, జారదు, ఒకేసారి రెండు బ్లూటూత్ పరికరాలకు అంకె పంపగలదు, ఫోన్ లేకపోయినా ఒక వ్యాయామాన్ని తనలోనే దాచుకుంటుంది. జోన్లు చూసుకోవడమే మీ అవసరమైతే వీటిలో ఏదీ అంత అవసరం కాదు. చౌక బెల్టులో ముందు పాడయ్యేది పట్టీ. అదీ విడిగా దొరుకుతుంది.

కాబట్టి సైకిలే ముఖ్యమైనవాళ్లకు నేను చెప్పేది: వాచీ ఆలోచన పక్కన పెట్టి, ఆ మూడు వేలతో బెల్టు కొనండి. హ్యాండిల్‌కు ఫోన్ హోల్డర్ ఉంటే స్ట్రావా లాంటి యాప్‌లోనే అంకె కనిపిస్తుంది. ఎండకు ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారడం, బ్యాటరీ అయిపోవడం ఇబ్బందిగా ఉంటే తర్వాత ఎప్పుడైనా ఎక్సోస్ జీ ప్లస్, ఐజీపీస్పోర్ట్ బీఎస్‌సీ100ఎస్ లాంటి చిన్న సైకిల్ కంప్యూటర్ చేర్చుకోవచ్చు. ఇవి బెల్టును నేరుగా తీసుకుంటాయి, ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నేను ఈమధ్య నా కోసం ఎంచుకున్నదీ ఇదే. బెల్టు, హ్యాండిల్ మీద చిన్న కంప్యూటర్. రెండూ కలిపినా మంచి రన్నింగ్ వాచీ ధరలో సగం కాలేదు.

పరుగే ముఖ్యం, సైకిల్ ఎప్పుడో ఒకసారి అనేవాళ్లకు లెక్క మారుతుంది. జేబులో ఫోన్ పెట్టుకుని పరిగెత్తడం చాలామందికి నచ్చదు. అప్పుడు అంకె చేతి మీదే ఉండాలి. పదిహేను వేలు పెట్టగలిగితే ఫోర్‌రన్నర్ 55 తీసుకోండి, 2021లో వచ్చినదైనా దాని పనిలో లోటు లేదు. జీపీఎస్ ఆన్‌లో ఉంచితే 20 గంటల దాకా వస్తుందని కంపెనీ చెప్తుంది. పేస్ 3 ఇంకా తేలిక, బ్యాటరీ ఇంకా ఎక్కువ, ధరా ఎక్కువే. అంత పెట్టలేకపోతే మూడు వేల బ్యాండే కొని, పైన చెప్పినట్టు బిగించి కట్టి, మెల్లగా పరిగెత్తే రోజుల్లో దాన్ని నమ్మండి. ట్రాక్ మీద 400 మీటర్ల ఇంటర్వెల్స్ చేసే రోజు అంకె వైపు చూడకుండా ఊపిరిని బట్టి పోండి. ఇంటర్వెల్ సగం అయ్యేదాకా బ్యాండ్ అంకె పైకి రాదు.

ఆర్మ్‌బ్యాండ్ కూడా లైటుతోనే చూస్తుంది. అయితే ముంజేతి కండ మీద కూర్చుంటుంది కాబట్టి మణికట్టు వంపు, హ్యాండిల్ అదురు దాన్ని అంతగా కదిలించవు. ఛాతీకి బెల్టు కడితే ఒరుసుకుపోతుందని మా చెల్లెలు లాంటి వాళ్లు వద్దంటారు. వాళ్లకు ఇదే సరైన దారి. పోలార్ వెరిటీ సెన్స్ బాగుంటుంది, కూస్పోలో చౌకవీ ఉన్నాయి. ఛార్జింగ్ పెట్టడం మరిచిపోకూడదు.

పల్స్ చూపించే ఉంగరాలు, ఇయర్‌ఫోన్లు ఈ పనికి వద్దు. సెకండ్ హ్యాండ్ గార్మిన్ దొరికితే బ్యాటరీ ఎన్ని గంటలు వస్తోందో చూసి తీసుకోవచ్చు.

ఇప్పటికే చేతికి ఉన్న బ్యాండ్ ఎంత నమ్మొచ్చో తెలుసుకోవడానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. కరోనా సమయంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో ఏ డ్రాయర్‌లోనో పడి ఉంది. గట్టిగా పరిగెత్తి ఆగిన వెంటనే దాన్ని వేలికి పెట్టి, చెయ్యి కదపకుండా, అందులోని పల్స్ అంకెనూ, బ్యాండ్ అంకెనూ పక్కపక్కన చూడండి. అదీ లేకపోతే మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఆగాక గుండె వేగం త్వరగా పడిపోతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇదే పరీక్ష సైకిల్ మీద ఎక్కుడు చివర, కాలు కింద పెట్టగానే చేయండి. పరుగులో ఐదారు బీట్ల తేడా వచ్చి, సైకిల్ మీద ముప్పై వస్తే, మీ బ్యాండ్ గురించి నేను చెప్పినదంతా మీకే తెలిసిపోతుంది.

మే నెలలో ఒక తికమక వస్తుంది. మార్చిలో 140 లో సాగిన పరుగు, తిరుపతి ఎండల్లో అదే వేగానికి 155 చూపిస్తుంది. వాచీ చెడిపోలేదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటగా నీరు పోతుంది, గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. అంకె మళ్లీ మార్చి నెలలో ఉన్న చోటికి రావాలంటే వేగం తగ్గించాలి, అంతే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు గుండె వేగం తక్కువగానే ఉంటుంది. 220 లెక్కతో వచ్చిన జోన్లు వాళ్లకు వర్తించవు, ఎంత దాకా పోవచ్చో డాక్టర్‌నే అడగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి వస్తే అంకె ఎంత బాగున్నా ఆగిపోవాలి.

బెల్టు కొనేవాళ్లకు వాడకం గురించి కొంత. కట్టుకునే ముందు లోపలి నల్లటి ప్యాడ్లను నీళ్లతో తడపండి. పొడిగా కడితే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి, ముఖ్యంగా చలికాలం పొద్దున, పాలిస్టర్ జెర్సీ గాలికి కొట్టుకుంటున్నప్పుడు. ఆడవాళ్లు స్పోర్ట్స్ బ్రా కింది పట్టీకి దిగువన కట్టుకుంటే జారదు. ఇంటికి రాగానే గుండ్రటి సెన్సార్‌ను పట్టీ నుంచి విడదీయండి. తడి పట్టీకి తగిలించి ఉంచితే అది పనిచేస్తూనే ఉండి బిళ్ల బ్యాటరీ అయిపోతుంది. పట్టీని మామూలు నీళ్లలో జాడించి నీడలో ఆరేయండి. మన చెమటలో ఉప్పు పేరుకుంటే ప్యాడ్లు ఏడాదికే పోతాయి. బిళ్ల బ్యాటరీ అయిపోతే చాలా బెల్టులకు సీఆర్2032 సరిపోతుంది, పోలార్ హెచ్10కు మాత్రం సీఆర్2025 కావాలి. రెండూ ఏ వాచీ రిపేరు కొట్లోనైనా దొరుకుతాయి.